కలమే చిరునామా

ఏ పత్రికలోను నెలజీతమునకు కుదురుకొనక, తాను వ్రాసినదానిని తనకు తోచిన పత్రికకు పంపి ప్రతిఫలము పుచ్చుకొను రచయితను ఆంగ్లమున ‘ఫ్రీలాన్సు’ రచయిత యందురు. తెలుగు పత్రికాలోకమునకును ఈ మాట క్రొత్తది కాదు. కాని యిది పుట్టినది పత్రికాలయమున కాదు, యుద్ధకథలో. 1819 చివర వెలువడిన సర్ వాల్టర్ స్కాట్ నవల ‘ఐవాన్‌హో’లో, ఏ ప్రభువునకును శాశ్వతముగ కట్టుబడక కూలికి యుద్ధము చేయు బల్లెపు యోధులకు ఈ పేరు కనబడును. ఒకరి యాజ్ఞకు లోబడని బల్లెము అని దాని భావము. కాలక్రమమున బల్లెము పోయి కలము వచ్చినది. పేరు మాత్రము నిలిచినది.

ఈ మాటను సైనికుని భార్య తలపోయునప్పుడు అందొక చిత్రమైన వైపరీత్యము గోచరించును. ఆమె భర్త బల్లెము స్వతంత్రమైనది కాదు, ప్రభుత్వమునకు కట్టుబడినది. ఎక్కడికి పొమ్మన్న నక్కడికి పోవలెను. ఎన్నాళ్లు ఉండుమన్న నన్నాళ్లు ఉండవలెను. ఆజ్ఞ భర్త పేరనే వచ్చును. కాని సామానులు కట్టునది భార్య. బిడ్డలకు బడి మార్చునది భార్య. భాష తెలియని యూరిలో పాలు ఎక్కడ దొరకునో, మందులు ఎక్కడ దొరకునో కనుగొనునది భార్య. అట్టి స్త్రీ, కట్టుబడిన బల్లెము నీడలో నుండి, కట్టుబడని కలమును మరల చేతబట్టవచ్చునా అని ఆలోచించుచున్నది. అది ఆమె యింటిలోని చిన్న సంగతిగ కనబడవచ్చును. విచారించినచో చిన్నది కాదు.

జర్మనీలోని కైజర్‌స్లౌటెర్న్ పరిసరములందును, జపానులోని ఒకినావా ద్వీపమునందును, యోకోసుకా రేవునందును అమెరికా సైనికుల కుటుంబములు వేలసంఖ్యలో కాపురముండుచున్నవి. సాధారణముగ రెండు మూడేండ్లకొకసారి బదిలీ. ఆ కుటుంబములందలి స్త్రీలలో ఉపాధ్యాయినులు, నర్సులు, న్యాయవాదులు ఉన్నారు. వివాహమునకు ముందు పత్రికలకు వ్యాసములు వ్రాసి నాలుగు డబ్బులు సంపాదించినవారును ఉన్నారు. మొదటి బదిలీతో వ్రాత కొంత తగ్గును. రెండవ బదిలీనాటికి ఒడిలో బిడ్డ యుండును. మూడవ బదిలీనాటికి సంపాదకుల చిరునామాలు వ్రాసికొన్న పుస్తకము ఏ పెట్టెలో నున్నదో తెలియదు. వ్రాయుట మానవలెనని ఎవరును నిర్ణయించుకొనరు. అది తనంతట తానే ఆగిపోవును. తరువాత నొకనాడు బిడ్డలు బడికి పోయి, ఇల్లు నిశ్శబ్దమైన ఉదయమున, ‘మరల వ్రాయగలనా?’ అను ప్రశ్న మెల్లగ తలయెత్తును.

ఇది ఏ యొక్క స్త్రీకో కలిగిన సంశయము కాదు. 2021లో అమెరికా రక్షణశాఖ జరిపిన పరిశీలనలో, క్రియాశీల సైనికుల జీవిత భాగస్వాములందు, పని చేయుచున్నవారిని, పని వెదకుచున్నవారిని కలిపి లెక్కించినపుడు, నూటికి 21 మంది నిరుద్యోగులని తేలినది. ఆ భాగస్వాములలో పదిమందికి సుమారు తొమ్మండుగురు స్త్రీలే. వీరికి చదువు లేక కాదు, ఓపిక లేక కాదు. ఒకచోట వేరు పట్టులోపల మరియొక చోటికి పెకలింపబడుచుండుట చేత.

వారిని గూర్చి అంతర్జాతీయ ఒడంబడికలలో వాడిన మాటయొకటి గమనింపదగినది. ఒక దేశపు సైన్యము వేరొక దేశమున నుండునప్పుడు పాటింపవలసిన నియమములపై నాటో దేశములు 1951 జూన్ 19న లండనులో ఒడంబడిక చేసికొన్నవి. అందు సైనికుని భార్యకు, లేదా సైనికురాలి భర్తకు, ‘డిపెండెంటు’ అని పేరు, అనగా ఆశ్రితులు. బిడ్డల విషయమున, పోషణకై తలిదండ్రులపై ఆధారపడినవారే ఆశ్రితులని ఆ ఒడంబడిక చెప్పుచున్నది. భార్య విషయమున ఆ నిబంధన సైతము లేదు. ఆమె సంపాదించినను ఆశ్రితురాలే, సంపాదింపకున్నను ఆశ్రితురాలే. ఇది చట్టము తన సౌకర్యమునకై కల్పించుకొన్న మాట. ఎవరిని కించపరచుటకును కాదు. దానివలన ఆమెకు కలుగు సదుపాయములును ఉన్నవి. అయినను ఏండ్ల తరబడి ప్రతి కాగితముపైన అదే మాటను చదువుకొన్న మనిషి, తనను గూర్చి తాను తలచుకొనునప్పుడు సైతము అదే మాటను వాడుకొనుటకు అలవాటుపడును. అసలు నష్టము అక్కడ నున్నది.

బదిలీ యననేమో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఊరు మారినను ఉపాధ్యాయుని యుద్యోగము మారదు. ఆయన సర్వీసు పుస్తకము ఆయన వెంట వచ్చును. నిన్నటి ఊరిలో చేసిన పని నేటి ఊరిలో లెక్కకు వచ్చును. సైనికుని భార్యకు వెంటవచ్చు సర్వీసు పుస్తకము లేదు. అమెరికాలో ఉపాధ్యాయ వృత్తికిని, నర్సు వృత్తికిని రాష్ట్రమునకొక యనుమతిపత్రము కావలెను. ఈ చిక్కును 2023 జనవరిలో వచ్చిన చట్టము సైనిక కుటుంబములకు కొంత సడలించినది. కాని యది స్వదేశమునందలి రాష్ట్రముల సంగతి. పరదేశమునకు పోయినపుడు ఆ సడలింపు వెంట రాదు. పోయిన ప్రతిచోటను ఆమె మొదటి మెట్టునుండి ఎక్కవలసియుండును.

ఇన్ని వృత్తులలో రచనావృత్తి యొక్కటి మాత్రము వేరైన లక్షణము గలది. దానికి దుకాణము అక్కరలేదు, రాష్ట్రపు పరీక్ష అక్కరలేదు. అన్నింటికన్న ముఖ్యముగ, నిన్న వ్రాసినది నేటికిని ఆమె పేరనే నిలిచియుండును. అచ్చులో పడిన పేరే రచయితకు సర్వీసు పుస్తకము. కనుక, ‘ఒకచోట స్థిరపడిన పిమ్మట వ్రాయుదును’ అని యామె తలచుట తారుమారైన తలపు. స్థిరపడుట ఆమె చేతిలో లేదు. ఏ కార్యాలయమునందో ఎవరో సంతకము చేయు కాగితములో నున్నది. వ్రాయుట ఆమె చేతిలో నున్నది. స్థిరమైన చిరునామా దొరకిన తరువాత వ్రాత కాదు. వ్రాతయే ఆమెకు దొరకగల స్థిరమైన చిరునామా.

ఈ మాటకు చరిత్రలో సాక్ష్యము లేకపోలేదు. ఆంగ్ల బాలసాహిత్యమున జూలియానా హొరేషియా యూయింగ్ అను రచయిత్రి పేరు ప్రసిద్ధమైనది. ఆమె 1841లో జన్మించినది. తల్లి మార్గరెట్ గాటీ 1866లో బాలల కొక మాసపత్రికను ఆరంభించినది. కుమార్తె ముద్దుపేరునే పత్రికకు పెట్టి ‘ఆంట్ జూడీస్ మాగజైన్’ అన్నది. మరుసటి సంవత్సరము జూన్ నెలలో జూలియానా, సైన్యమున సరఫరా విభాగపు అధికారియైన అలెగ్జాండర్ యూయింగ్‌ను వివాహమాడి, కొలది దినములకే ఓడ యెక్కి కెనడాలోని ఫ్రెడరిక్టనుకు పోయినది. అది న్యూ బ్రన్స్‌విక్ రాజధాని. శీతకాలమున నది గడ్డకట్టు చలిదేశము. అక్కడ వారు 1869 వరకు రెండేండ్లున్నారు.

ఆ రెండేండ్లు ఆమె తీరిక కొరకు ఎదురుచూడలేదు. ఇంటికి ఉత్తరములు వ్రాసినది; చుట్టుప్రక్కల చూచినదాని బొమ్మలు గీసినది; తల్లి పత్రికకు కథలు పంపుచునే యున్నది. కథ అట్లాంటికు సముద్రమును దాటి ఓడలో పోవలెను; అది చేరినదో లేదో తెలియుటకు మరల ఓడ రావలెను. స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట ఎనిమిదేండ్లు ఆల్డర్‌షాట్ సైనిక శిబిరమున కాపురము. ఆ శిబిరమునుండియే, సైనికుల నడుమ మెలగిన ఒక బాలుని కథ పుట్టి 1882లో పత్రికలో వెలువడి, 1885లో ‘ద స్టోరీ ఆఫ్ ఎ షార్ట్ లైఫ్’ అను పుస్తకమైనది. తరువాత భర్తకు మాల్టాకును, సింహళమునకును బదిలీయైనపుడు, అనారోగ్యమున వెంట పోలేక ఇంగ్లండులోనే నిలిచిపోయినది. వ్రాత మాత్రము నిలుపలేదు. 1885లో మరణించునాటికి ఆమెకు నలువది నాలుగేండ్లు నిండలేదు. ఆనాడు ఫ్రెడరిక్టనునుండి ఇంటికి వ్రాసిన యుత్తరములు నూరేండ్లు దాటిన పిమ్మట, 1983లో, కెనడాలో పుస్తకముగ వెలువడినవి. కెనడా సమాఖ్య ఏర్పడిన నాళ్లలో ఒక చిన్న రాజధాని ఎట్లుండెనో తెలిసికొనుటకు అవి నేడు ఆధారములు. ఆ పట్టణమునకు ఆమె రెండేండ్ల యతిథి మాత్రమే. అయినను ఆ పట్టణపు స్మృతిని నిలిపినవారిలో ఆమె యొకతె.

తల్లియే సంపాదకురాలుగా నుండుట ఎల్లరకు లభించు భాగ్యము కాదని ఆక్షేపింపవచ్చును. అది నిజము. అట్టి యాసరా లేక, చాల కాలము తరువాత వ్రాతకు మరలి వచ్చిన స్త్రీ యుదాహరణము కావలెనన్న, ఎం. ఎం. కే జీవితము కలదు. ఆమె 1908లో సిమ్లాలో జన్మించినది. వివాహమునకు ముందే బాలల పుస్తకములు వ్రాసినది. 1940లో ఒక రహస్యకథా నవలయు వెలువరించినది. 1945లో గైడ్స్ దళమునకు చెందిన అధికారి గాఫ్ హామిల్టనును వివాహమాడినది. ఇద్దరు కుమార్తెలు కలిగిరి. భారతదేశము స్వతంత్రమైన పిమ్మట భర్త బ్రిటిషు సైన్యమున చేరగా బదిలీల పరంపర మొదలైనది. 19 ఏండ్లలో 27 పర్యాయములు ఇల్లు మార్చినట్లు చెప్పుదురు. పుట్టి పెరిగిన నేలయు దూరమైనది.

అట్టి స్థితిలో ఆమె మరల కలము పట్టినది. 1953లో కాశ్మీరమును, 1955లో బెర్లినును, 1956లో సైప్రస్సును, 1958లో కెన్యాను, 1959లో జాంజిబారును రంగస్థలముగ గొని అపరాధ పరిశోధక నవలలు వెలువడినవి. ఈ పట్టికను చదువుచున్నపుడు నవలల పేర్లు కాదు, బదిలీ యుత్తరువులు చదువుచున్నట్లు తోచును. ఇతరులకు ఆటంకమైనదే ఆమెకు మూలధనమైనది. బెర్లినులో గోడ లేకుండిన దినములు, సామ్రాజ్యము సడలుచుండిన ఆఫ్రికా తీరము — ఇవి సైనికుని యింటి కిటికీలోనుండి ఆమెకు కనబడినవి. భర్త దళపు చరిత్రయు, తాను పుట్టిన దేశముపై మమకారమును కలిసి, ఏండ్ల తరబడి సాగిన కృషి పిమ్మట, 1978లో ‘ద ఫార్ పెవిలియన్స్’ అను మహానవలగ రూపొందినవి. ఆ పుస్తకముతో లోకమంతట కీర్తి వచ్చునాటికి ఆమెకు సుమారు డెబ్బది యేండ్లు. ఆలస్యమైనదని ఆమె నడుమ కలము దింపియున్నచో ఆ నవల లేదు.

ఇక్కడ పేరు సంగతి చెప్పవలసియున్నది. వ్రాసిన స్త్రీలందరి పేర్లును నిలువలేదు. బెంగాల్ ఫిరంగిదళపు అధికారియైన హెన్రీ లారెన్సు పేరు, ఆయన 1847లో సనావరులో స్థాపించిన పాఠశాల వలన విద్యాలోకమునకు పరిచితమే. ఆయన భార్య హొనోరియా భర్త వెంట గుడారములలో తిరిగి, దినచర్యలు వ్రాసి, 1844లో ఆరంభమైన ‘కలకత్తా రివ్యూ’ కొరకు వ్యాసరచనలో పాల్గొన్నది. ఆ పత్రికలో వ్యాసములకు రచయితల పేర్లు ఉండెడివి కావు. అందుచే అందు ఆమె వ్రాసినది ఎంత, భర్త వ్రాసినది ఎంత అని విడదీయుట చరిత్రకారులకు నేటికిని శ్రమయే.

తెలుగునాటికే చెందిన ఉదాహరణము మరియొకటి కలదు. 1843లో లండనులో ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’ అను పుస్తకము వెలువడినది. రచయిత్రి పేరుండవలసిన చోట ‘ఒక మహిళ’ అని మాత్రమే యున్నది. ఆమె జూలియా షార్లట్ మెయిట్‌లాండ్. అప్పటి భర్త జేమ్స్ థామస్ సైనికుడు కాదు, రాజమహేంద్రవరమున న్యాయాధికారి. కాని ఉద్యోగి వెంట దేశము దాటివచ్చిన భార్య యవస్థ రెండింటను ఒక్కటే. 1836 మొదలు 1839 వరకు ఆమె స్వదేశమునకు వ్రాసిన యుత్తరములే ఆ పుస్తకము. గోదావరితీరపు ఎండలు, నౌకరుల మాటలు, భార్యాభర్తలు పూనుకొని రాజమహేంద్రవరమున నెలకొల్పిన బడి — అన్నియు అందున్నవి. ఆమె చూపు పరదేశీయురాలి చూపే. అందలి యభిప్రాయములన్నియు అంగీకరింపదగినవి కావు. అయినను వీరేశలింగముగారు జన్మించుటకు దాదాపు పదేండ్ల ముందటి రాజమహేంద్రవరపు నిత్యజీవితమును కంటితో చూచి వ్రాసిన రచనలు ఎన్ని గలవు? చూచినది వ్రాసియుంచుట వలన కలుగు ప్రయోజనము వ్రాయువారికే ముందుగ తెలియదు.

కనుక నేడు వ్రాతకు మరలదలచిన స్త్రీకి మొదటి నియమము: తన పేరుతో వ్రాయుట. చాలమంది సైనికుల భార్యలు వ్రాత మానితిమని తలచుచుందురు, నిజమునకు మానలేదు. దళపు కుటుంబములకు పంపు సమాచారపత్రము వ్రాసినది ఎవరు? బడి వార్షికోత్సవమునకు ఆహ్వానము వ్రాసినది ఎవరు? క్రొత్తగ వచ్చిన కుటుంబమునకు, ఏ బస్సు ఎక్కడికి పోవునో, ఏ దినమున చెత్తబండి వచ్చునో విడమరచి పుటలకొలది వ్రాసియిచ్చినది ఎవరు? ఇదంతయు వ్రాతయే. స్పష్టముగ, ఆదరముగ, చదువరి యవసరమెరిగి వ్రాయుటకన్న పత్రికారచయితకు వేరు శిక్షణ యేమున్నది? లేనివి రెండే: పేరు, ప్రతిఫలము. మధ్యలోని యేండ్లు శూన్యములని యామె సిగ్గుపడనక్కరలేదు. పైరు లేని యేడు పొలము బీడుగ కనబడును. నేల మాత్రము సారము కూడబెట్టుకొనుచుండును.

రెండవ నియమము ప్రతిఫలమును గూర్చినది. ఇందు మెరుగులు దిద్ది చెప్పరాదు. పత్రికారచన వలన వచ్చు సొమ్ము కొంచెము, వచ్చు వేళ అనిశ్చితము. ఒక వ్యాసము అంగీకరింపబడుటకు పది వ్యాసములు తిరిగిరావచ్చును. దానిపైననే ఇల్లు గడుపుదునను వారు మోసపోవుదురు. అయినను ప్రతిఫలము అడుగుట మానరాదు. సైనిక శిబిరములలో భార్యల సేవ అంతయు స్వచ్ఛందసేవయే. స్వచ్ఛందసేవ గొప్పది, కాని ఉచితముగ చేయు పని యెంత మంచిదైనను లోకము దానిని వృత్తియనదు. వ్రాతకు వచ్చిన మొదటి చెక్కు ఎంత చిన్నదైనను, ఒడంబడికలోని ‘ఆశ్రిత’ యను మాటకు అది తగిన ప్రత్యుత్తరము.

సొమ్ము పుచ్చుకొనుటకు ముందు చట్టమును తెలిసికొనవలెను. అతిథిగ నున్న దేశమున సంపాదించుటకు అనుమతి కావలెనా, పన్ను ఎవరికి కట్టవలెను అను విషయములు దేశమునకొక తీరుగ నుండును. సైన్యమిచ్చిన యింటినుండి వృత్తి నడుపుటకు అధికారుల యనుమతి యడుగవలసియుండును. సైనిక తపాలాను వ్యాపారమునకు వాడవచ్చునో లేదో కూడ విచారించుకొనవలెను. శిబిరములందే న్యాయసలహా కార్యాలయములు ఉండును. ముందుగ పోయి యడుగుటలో చిన్నతనము లేదు. నియమము తెలియక భయపడి మానుకొన్నవారు కొందరు, నియమము తెలియక చేసి చిక్కుపడినవారు కొందరు. ఇద్దరికిని మందు ఒక్కటే: అడుగుట.

మూడవ నియమము నోటికి కావలి. భర్త యెప్పుడు బయలుదేరునో, ఓడ యే రేవున ఆగునో, దళమున నెందరున్నారో వ్రాయరాదు. ఇది కలమునకు సంకెల యని కొందరందురు. కాని కళకు హద్దు అపకారము చేయదు. ఛందస్సు కవికి హద్దే గదా! తేదీలు, సంఖ్యలు దాచినను దాపవలసిన పని లేనివి యెన్నో యున్నవి: తండ్రి దూరముననున్న యింటిలో బిడ్డ పుట్టినరోజు, పరభాషలో కూరగాయల బేరము, మూడేండ్ల స్నేహమును మూడు పెట్టెలలో సర్దుట. ఇవి ఏ శత్రువునకును ఉపయోగపడవు. ప్రతి మనిషికిని ఉపయోగపడును.

భర్త ప్రాణములొడ్డు వృత్తిలో నుండగా భార్య తన పేరు కొరకు ప్రాకులాడుట తగునా అని ప్రశ్నించువారు ఉండవచ్చును. ఈ ప్రశ్నలో సైనికునిపై గౌరవము కలదు; అందువలన దీనిని త్రోసివేయరాదు. అయితే భార్య మౌనము సైనికునికి ఏ కవచమగును? సైనికుడు కూడ బిడ్డలతో ఆడుకొనునని, భయపడునని, ఉత్తరమునకై ఎదురుచూచునని పౌరులకు తెలియజెప్పినవి ఆజ్ఞాపత్రములు కావు. యూయింగ్ వంటి స్త్రీల కథలు. సైన్యమునకును, సమాజమునకును నడుమ గోడ యున్నది. ఆ గోడకు ఇరుప్రక్కల నివసించినది సైనికుని భార్య. ఆమె వ్రాయనిచో ఆ గోడకు కిటికీ లేదు.

నేటి కాలపు సంశయము వేరొకటి కలదు. యంత్రములే నిమిషములో వ్యాసములు అల్లుచున్న యీ దినములలో, మానవుని వ్రాతకు విలువయెక్కడ నున్నదని పలువురు నిరాశపడుచున్నారు. ఎవరైనను వ్రాయదగిన వ్యాసమునకు వెల తగ్గినమాట నిజమే. పది పుస్తకములు చూచి పదునొకండవది కూర్చుట యంత్రమునకు సులువైనది. కాని ఒకినావాలో తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి తలుపులు బిగించుకొని, భర్త లేని యింట, ముగ్గురు బిడ్డలను ఒక గదిలో పరుండబెట్టిన తల్లి యేమి తలపోసెనో ఏ యంత్రమును చూడలేదు. అక్కడ ఉండుట ఆమె వంతు. సాక్షికి మాత్రమే దక్కు ఆ హక్కును ఆమె వదలుకొనరాదు. లోకమంతట తెలిసిన సంగతులను గూర్చి కాక, తానొక్కతె దగ్గరనుండి చూచినదానిని గూర్చి వ్రాసినచో, మరలి వచ్చిన కలమునకు చోటు దొరకును.

మొదలుపెట్టుట యెట్లు? మహాగ్రంథముతో కాదు. దినమునకొక గంట, ఒక పుట. పరిచయమున్న ఒక విషయము. దానిని కోరదగిన ఒక పత్రిక. పాత వ్యాసముల కత్తిరింపులు ఏ పెట్టెలోనున్నను వెదకి ముందుపెట్టుకొనుట మంచిది. అవి గర్వమునకు కాదు, ధైర్యమునకు. పట్టణము వదలులోపల ఆ పట్టణమును గూర్చి ఒక్క వ్యాసమైనను పూర్తిచేయుదునని నియమము పెట్టుకొన్నచో, పది బదిలీలు పది వ్యాసములగును. సంపాదకులును ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: చిరునామా తరచు మారు రచయిత్రి నిలకడలేనిది కాదు. భర్తలకును ఒక పాలు కలదు. భార్య వ్రాయు గంటను ‘తీరిక’ యనక ‘పని’ యన్నచో, ఆ యొక్క మాటతో ఇంటిలో సగము యుద్ధము గెలిచినట్లే.

పాఠశాలలలో వ్యాసరచన నేర్పు ఉపాధ్యాయులకు దీనినుండి గ్రహింపదగినది కలదు. ప్రతి తరగతిలోను తండ్రి బదిలీపై క్రొత్తగ వచ్చి వెనుకబల్లపై కూర్చున్న విద్యార్థి యొకడుండును. ఆతనికి ఈ ఊరు క్రొత్త, స్నేహితులు క్రొత్త, ఒక్కొక్కప్పుడు భాష సైతము క్రొత్త. వదలివచ్చిన యూరిని గూర్చి ఒక పుట వ్రాయుమని ఆతనిని అడిగినచో, పోగొట్టుకొన్నదనుకొన్న ఊరు ఆతనికి కొంత తిరిగి దక్కును; తరగతికి ఒక క్రొత్త ఊరు తెలియును. వ్రాత చేయు మేలు పెద్దలకైనను పిన్నలకైనను ఇదియే.

కైజర్‌స్లౌటెర్నులో నున్నను, యోకోసుకాలో నున్నను, ఆలోచించుచున్న ఆ స్త్రీకి ఎవరును ఉత్తరువు పంపరు. బదిలీకి ఉత్తరువు వచ్చును, వ్రాయుమని రాదు. జీవితమున ఉత్తరువు లేకయే చేయదగిన పని ఆమెకు ఇది యొక్కటి మిగిలియున్నది. సామాను పెట్టెలు ఇంకను విప్పలేదన్న సాకు వలదు. అవి పూర్తిగ విప్పులోపల మరల కట్టవలసిన దినము వచ్చును. ఒక పెట్టె విప్పి, అందుండి కాగితము పైకి తీసి, పై వరుసలో తన పేరు వ్రాసికొన్నచో చాలును. తక్కిన పెట్టెలు ఆగగలవు.